జేజి రాయి

మా అమ్మ పోయి ఏడాది దాటింది. ఎండాకాలం వస్తే మా ఊరి రోడ్డు పక్కన, వేపచెట్టు కింద కడవలు పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళు పోసేది. ఆ చోట ఒక రాయి నిలపాలని ఇంట్లో అందరం అనుకున్నాం. దాని మీద ఏం రాయించాలన్నదే తేలలేదు. తేలకుండానే మార్చి నెలలో ఒక పొద్దున నేనూ, మా చెల్లెలి కూతురూ నంద్యాల బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సెక్కినాం. నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కోడలు బెంగళూరులో ఫోన్లలో కనిపించే మాటల్ని తెలుగు చేసే పనిలో ఉంది. ఇద్దరికీ మాటలంటే ప్రాణం. కాబట్టే మాట దగ్గర ఇద్దరికీ కుదరదు. ఆ రోజు దోవ పొడుగునా వాదించుకున్నది గుర్తున్నంత మేర ఇక్కడ రాస్తున్నాను.

కోడలు: అవ్వ పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, కింద 'జ్ఞాపకార్థం'. అంతే కదా మామా? దీనికి ఇంత ఆలోచనెందుకు?

నేను: 'జ్ఞాపకార్థం' అనే మాట మా అమ్మ నోట ఎప్పుడన్నా విన్నావా పాపా? ఊరంతా ఆమెను జేజీ అనే పిలిచింది. రాయి మీదా జేజి అనే ఉండాల.

కోడలు: నీ పిల్లలకు జేజి. నాకు అవ్వ. నీకు అమ్మ. ఎవరి మాట చెక్కిస్తావు? ఇంకో సంగతి. ఆ రోడ్డున పోయేది మన ఊరోళ్ళు మాత్రమే కాదు, కర్నూలు నుంచి కడప దాకా పోయే జాతీయ రహదారి అది. విజయవాడ లారీ ఒకటి ఆగిందనుకో. కోస్తాలో చంటిపిల్లలకు దేవుడి పటం చూపించి 'జేజికి దండం పెట్టు' అంటారు. ఆ డ్రైవరు ఇదేదో దేవుడి రాయి అనుకుని, చెప్పులు విడిచి మొక్కి పోతాడు.

నేను: మొక్కితే తప్పేముంది?

కోడలు: దప్పికైనోడు నీళ్ళు తాగకుండా మొక్కి పోతే తప్పే. మాట ఉండేది చదివేవాడి కోసం మామా. రాసినోడి కోసం కాదు.

దీనికి వెంటనే జవాబు దొరకలేదు. బస్సు నంద్యాల దాటింది. ఎడమ చేతి వైపు దూరంగా నల్లమల. శనగ కోత అయిపోయిన చేలు నల్లగా, నెర్రెలు విడిచి పడున్నాయి.

నేను: అట్లయితే మాటలన్నీ అందరికీ తెలిసినవే అయి ఉండాల. తెలియని మాట ఎదురైతే అడిగి తెలుసుకోవడమనేదే ఉండదు. నేను చదువుకు నంద్యాలలో మా అబ్బ దగ్గర ఉన్నప్పుడు పక్కిల్లు ఉర్దూ మాట్లాడేవాళ్ళది. సాయంత్రం వాకిట్లో నిలబడి నేను 'అబ్బా' అని కేకేస్తే మా తాత వచ్చేవాడు. వాళ్ళ పిల్లోడు 'అబ్బా' అంటే వాళ్ళ నాయన వచ్చేవాడు. మొదట్లో ఇద్దరం తికమకపడినాం. రెండు రోజుల్లో తెలుసుకున్నాం. ఆ తెలుసుకోవడంలోనే స్నేహమైంది. ఇద్దరికీ ఒకే మాట నేర్పించి ఉంటే మా మధ్య అడిగేదేముంది, చెప్పేదేముంది?

కోడలు: మీరిద్దరూ గోడకు ఆ పక్కా ఈ పక్కా ఉన్నారు, రోజూ కలిసినారు. లారీ ఆగేది అయిదు నిమిషాలు.

నేను: అయిదు నిమిషాలు చాలు, అడగాలనుంటే. అసలు వరస మాటలను ఒకదానికి బదులు ఇంకోటి పెట్టలేం. ఇంగ్లీషులో మేనమామ, చిన్నాయన, పిన్ని మొగుడు అందరూ ఒకే 'అంకుల్'. మన దగ్గర మేనమామతో మాట్లాడే తీరు వేరు, చిన్నాయనతో వేరు. నువ్వు నాతో ఇట్ల వాదిస్తాండావు, మీ చిన్నాయనతో వాదిస్తావా?

కోడలు: వాదించను. కానీ దాన్ని మనకొక్కరికే దక్కిన సొత్తనుకోవద్దు. అమెరికాలో ల్యూయిస్ హెన్రీ మోర్గన్ అనే ఆయన 1871లో వరసల మీద పెద్ద పుస్తకం అచ్చేసినాడు. అక్కడి ఇరాక్వా తెగలోనూ తండ్రి అన్నదమ్ములంతా తండ్రులే. మనం పెద్దనాయన, చిన్నాయన అన్నట్టు. మేనమామ మాత్రం వేరే మాట. ఆ తీరు మన దక్షిణాది వరసలతో సరిపోయిందని చూసి ఆయన ఆశ్చర్యపోయినాడు. సముద్రాలకు ఆ పక్కనుండే మనుషులు, మన మొహం చూడనోళ్ళు. వాళ్ళకూ మామ వేరు, చిన్నాయన వేరు. ఇంకో పక్క స్వీడన్‌లో నాయన తల్లిని ఫార్‌మోర్ అంటారు, అమ్మ తల్లిని మోర్‌మోర్ అంటారు. మన జేజి, అవ్వలాగా రెండు మాటలు. పక్కనున్న తమిళంలో ఇద్దరూ పాట్టే. మరి తమిళ పిల్లలకు ఏ అవ్వ ఎవరో తెలియదా? మాట లేకపోతే తెలివి లేదని ఎట్లంటావు?

నేను: తెలివి లేదనలేదు. మాట ఉంటే తెలివి చేతికి తొందరగా అందుతుంది అంటాండా. ఇదిగో, ఈ చేను చూడు. 'పదును' అనే మాటను నీ ఫోనులో ఇంగ్లీషు చెయ్యి చూద్దాం.

కోడలు: తేమ అని అర్థం వచ్చే మాట ఏదన్నా పెడతా.

నేను: తేమ కాదు. వాన వెలిసిన మర్నాడు రేగడిలో కాలు పెడితే కాలితో పాటు చేను లేచొస్తుంది. తేమ ఉంది, పదును లేదు. వారం పోతే గడ్డ కట్టి మడక దిగదు. లోపల తేమ ఉంటుంది, పదును పోయింటుంది. ఈ రెండింటి మధ్య ఒక పూటో రెండు పూటలో మట్టి అంటుకోకుండా, పెళ్ళలు లేకుండా పొడిపొడిగా విడిపోతుంది. మా నాయన గుప్పెడు మట్టి తీసి పిసికి, వేళ్ళు విప్పి చూసేవాడు. 'పదునైంది' అన్నాడంటే ఇంటిల్లిపాదీ కదిలేది. గొర్రు బయటికొచ్చేది, జడ్డిగంలో గింజలు పడేవి. వానను కూడా పదునుతోనే కొలిచేవాళ్ళు. ఇది దుక్కి పదును, ఇది విత్తనం పదును అని. వాతావరణ శాఖ మిల్లీమీటర్లు చెప్తుంది. అవి మబ్బు ఎంత కురిసిందో చెప్తాయి. నేల ఎంత తాగిందో చెప్పేది పదునే. ఆ మాట తెలియనోడికి ఈ నల్లమట్టి ఒట్టి మట్టి.

కోడలు: బాగుంది మామా. నిజంగా బాగుంది. కానీ ఆ మాట ఎవరి నోట పోయింది? నేను బెంగళూరులో తెలుగు చేసే మాటల వల్ల పోయిందా? కాలువ నీళ్ళొచ్చినాయి, బోర్లొచ్చినాయి, ట్రాక్టరొచ్చింది. ఇప్పుడు ట్రాక్టరు బాడుగకు ఏ పూట దొరికితే ఆ పూటే పదును. పని మారినాక మాట మాత్రం ఉండాలంటే ఎక్కడుంటుంది? నువ్వు ఆ మాటను ప్రేమించేది మీ నాయన గుప్పెట్లో చూసినావు కాబట్టి. నాకు చూపించింది ఎవరు?

నేను: ఇప్పుడు చెప్తాండా కదా.

కోడలు: ఇప్పుడు చెప్తాండావు. నేను ఆరో తరగతిలో ఉండగా సెలవులకు మీ ఇంటికొచ్చినప్పుడు ఒక వ్యాసం రాసి నీకు చూపించినా. 'మా అవ్వ కడవలో నీళ్ళు పెడుతుంది' అని రాసినా. నువ్వు ఎర్రసిరా పెన్ను తీసి 'అవ్వ' కొట్టేసినావు. పైన 'అమ్మమ్మ' అని రాసినావు. 'పరీక్షలో మాండలికం రాయకూడదు పాపా' అన్నావు. ఆ రోజు అవ్వ పక్కనే కూర్చొని చూస్తాంది.

బస్సు సిరివెళ్ళలో ఆగింది. ఎవరో దిగినారు, ఎవరో ఎక్కినారు. నాకు ఆ వ్యాసం గుర్తుంది. ఆ పిల్ల మొహమూ గుర్తుంది. ముప్పై ఏళ్ళలో ఎన్ని నోటుబుక్కుల్లో ఎన్ని జేజిలను, అవ్వలను, మడకలను, గెనిమలను కొట్టేసి ఉంటానో లెక్కలేదు. వాటి పక్కన నాయనమ్మ, నాగలి, గట్టు అని రాసినాను. అప్పట్లో అది పిల్లల మేలుకే అనుకున్నాను.

నేను: కొట్టేసిన మాట నిజం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్ళ నుంచి రైతుల మాటలు సేకరింపజేసి, 1962లోనే వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం తెచ్చినారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ అచ్చేసింది. 1971లో చేనేత పదాలది వచ్చింది. అందులో ఒకే వస్తువుకు ఏ సీమలో ఏమంటారో పక్కపక్కన ఉంటాయి. ఇది ఒప్పు, అది తప్పు అని ఉండదు. ఆ పుస్తకం నా చేతికొచ్చేసరికి నా సర్వీసు సగం గడిచిపోయింది. నీ 'అవ్వ'ను కొట్టేసి తప్పు చేసినా పాపా. అందుకే ఇప్పుడు రాయి మీద జేజి కావాలంటాండా.

కోడలు: నీ తప్పు దిద్దుకోను అవ్వ రాయి కావాల్నా?

గట్టి మాటే. అయినా ఆ పిల్ల కోపంతో అనలేదు. కాసేపాగి తనే మళ్ళీ ఎత్తుకుంది.

కోడలు: మాట ఊరు దాటితే చచ్చిపోతుందని నువ్వు భయపడతావు. నాకు ఆ భయం లేదు. ఈ చేలల్లోని రేగడినే తీసుకో. ఇంగ్లీషు భూమిశాస్త్రంలో ఈ నేలకు 'రెగర్' అని పేరు. మన రేగడే అది. 'పందికొక్కు' ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. ఆస్ట్రేలియాలో సంచిలో పిల్లల్ని మోసే ఇంకో జంతువుకూ ఆ పేరే పెట్టుకున్నారు. బొంబాయి వంటింట్లో అరుగు మీద పరిచే నల్లబండను 'కడప్పా' అంటారు. వాళ్ళకు కడప ఏ దిక్కున ఉందో తెలియకపోవచ్చు. మాట మాత్రం రోజూ నోట్లో ఆడుతోంది.

నేను: అది బతకడమా? సంచి ఉండే జంతువుకు పందికొక్కు పేరెందుకు? మన పందికొక్కు గాదె కింద బొరియ చేసి వడ్లు తినేది. ఆ తిట్టు, ఆ కోపం, ఆ గాదె ఏవీ ఆ మాట వెంట పోలేదు. పెంకు పోయింది, గింజ ఇక్కడే ఉండిపోయింది.

కోడలు: కొత్త గింజ పట్టుకుంది. మన జిల్లాలోదే బంగినపల్లి మామిడి. హైదరాబాదులో బేనిషాన్ అంటారు. పారసీలో మచ్చ లేనిదని. ఢిల్లీలో సఫేదా, తెల్లనిదని. చెట్టు ఒకటే, కాయ ఒకటే. ఒకరికి ఊరు కనిపించింది, ఒకరికి తొక్క నునుపు కనిపించింది, ఒకరికి రంగు కనిపించింది. మూడు పేర్లూ కలిస్తేనే ఆ పండు నాకు పూర్తిగా తెలుస్తుంది.

నేను: 2017లో భౌగోళిక గుర్తింపు మాత్రం ఊరి పేరు మీదే వచ్చింది!

కోడలు: రానీ. బేనిషాన్ అన్న నోట్లో పండు చేదవ్వలేదు కదా. మన నంద్యాల ఓటర్లు 1991లో పి.వి. నరసింహారావును అయిదు లక్షలకు పైగా ఓట్ల తేడాతో గెలిపించి పార్లమెంటుకు పంపినారు. అంతకు చాలా ముందే ఆయన విశ్వనాథ వారి వేయిపడగలను 'సహస్రఫణ్' అని హిందీ చేసినాడు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' అని తెలుగు చేసినాడు. మాటలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి రావని ఆయన అనుకొని ఉంటే ఆ రెండు పుస్తకాలూ ఉండేవి కాదు.

నేను: ఆయన చేసినాడు కాబట్టే నా మాటా నిలుస్తుంది. వేయిపడగల తెలుగు ఎంత లోతో తెలిసినోడు కాబట్టి హిందీ చెయ్యగలిగినాడు. ముందు ఇంటి మాట గట్టిగా ఉండాల, తర్వాతే ప్రయాణం. ఒకప్పుడు కడపలో ఉండిన బ్రౌన్ దొర 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించినాడు. కచేరీల్లో తిరిగే ఉర్దూ, పారసీ మాటలకు 1854లో వేరే నిఘంటువు కట్టినాడు. ఇంటివి ఇంట్లో, చుట్టాలవి చావట్లో.

కోడలు: చావట్లో కూర్చోబెట్టినాడు గానీ తరమలేదు కదా. జిల్లా, తాలూకా, దస్తావేజు, ఇప్పుడు ఏ గదిలో ఉన్నాయి చెప్పు?

నవ్వొచ్చింది నాకు. బ్రౌన్ ఉండి ఉంటే ఈ పిల్లను తన పండితుల పక్కన కూర్చోబెట్టుకునేవాడు.

ఆళ్ళగడ్డ బోర్డు కనబడింది. 'గడ్డ' అనే మాట మీద ఇద్దరం ఒకేసారి నోరు తెరిచినాం. మనకు గడ్డ అంటే నేల, మెరక. కూరగాయల అంగట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ. ఉత్తరాంధ్రకు పోతే గెడ్డ అంటే పారే నీళ్ళు. విశాఖ పక్కన మేహాద్రి గెడ్డ మీద జలాశయమే ఉంది. నీళ్ళు తక్కువైన సీమలో ఆ మాట మెరక మీద నిలబడింది, కొండల నుంచి నీళ్ళు దిగే సీమలో వాగై పారింది. ఇది ఒకే మాట రెండయిందా, రెండు మాటలు ఒకేలా ఉన్నాయా అన్నది నేను తేల్చలేను. దాని మీద మాత్రం మేము వాదించుకోలేదు.

రోడ్డు పక్కన శిల్పుల పాకలు మొదలైనాయి. నందులు, నాగప్రతిమలు, సగం తేలిన అమ్మవారి మొహాలు. ఒకప్పుడు ఇక్కడ ఉలి చప్పుడొకటే ఉండేది. ఇప్పుడు కట్టింగు మిషన్ల మోత, తెల్లటి దుమ్ము. మాకు తెలిసిన ఆచారి పాకలోకి పోయినాం. ఆయన రాయి చూపించే ముందు సుత్తితో మెల్లగా తట్టి చెవి పెట్టినాడు. శిల్పశాస్త్రంలో రాళ్ళకూ ఆడ, మగ, నపుంసకం ఉన్నాయి. గంటలా ఖంగుమంటే పుంశిల, దేవుడి విగ్రహానికి. నాదం మెత్తగా ఉంటే స్త్రీశిల, అమ్మవారికీ పీఠానికీ. నాదమే లేకపోతే పునాదిలోకి. వ్యాకరణంలో లింగాలు చెప్పి చెప్పి అలసిన నాకు, వాటిని చెవితో పోల్చుకునే మనిషిని చూస్తే ఎప్పుడూ గౌరవమే.

కోడలు ఆయననే అడిగింది.

కోడలు: ఆచారీ, నీ దగ్గరికి అన్ని ఊళ్ళోళ్ళూ వస్తారు కదా. వాళ్ళ మాటలు నీకు ఎట్ల అర్థమైతాయి?

ఆచారి: శివలింగం కింద పీఠాన్ని మనం పానవట్టం అంటామమ్మా. తమిళమోళ్ళు ఆవుడయార్ అంటారు. హిందీవాళ్ళు జలహరి అంటారు. మొదట్లో ఒకసారి తెల్లమొహం వేసినా. అడిగి తెలుసుకున్నా. ఇప్పుడు ఏ మాటన్నా కొలత అదే. నీళ్ళు పోయే మూతి ఉత్తరానికే.

నేను: చూసినావా, అడిగి తెలుసుకున్నాడు.

కోడలు: చూసినావా, కొలత అదే.

మా రాయి సంగతి చెప్పినాం. ఇద్దరి వాదమూ ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆయన బాధ వేరే ఉంది.

ఆచారి: అయ్యా, ఏం రాయించుకున్నా మీ ఇష్టం. ఒత్తులు తక్కువుండేట్టు చూసుకోండి. 'జ్ఞాపకార్థం'లో రెండు ఒత్తులు. రోడ్డు పక్కన దుమ్ము పట్టి నాలుగేండ్లకు సందులు పూడిపోతాయి, చదవను రాదు. 'జేజి' అంటారా, రెండక్షరాలు, ఒక్క ఒత్తు లేదు. లోతుగా కొట్టిస్తే మనుమల కాలం దాకా చెదరదు.

కోడలు చాలాసేపు మాట్లాడలేదు. నేల మీద సుద్దముక్క తీసుకుని రాసింది, తుడిచింది. చివరికి ఒక చెంబు బొమ్మ గీసింది.

కోడలు: పైన చెంబు చెక్కించు మామా. తెలుగు రానోడికీ తెలుస్తుంది. విజయవాడ ఆయనకూ ఇది గుడి కాదని తెలుస్తుంది. దాని కింద నీ జేజి ఉండొచ్చు.

నేను: 'జేజి నీళ్ళు. తాగి పోండి.'

కోడలు: 'పోండి' వద్దు. కోస్తావాళ్ళకు తరిమినట్టుంటుంది. 'వెళ్ళండి' అను.

నేను: మా అమ్మ ఎవరినీ 'వెళ్ళండి' అనలేదు. 'ఇన్ని నీళ్ళు తాగి పోండి నాయనా' అనేది. ఆ 'పోండి' విని నొచ్చుకున్న మనిషి ఒక్కడూ లేడు. ఎందుకంటే అప్పటికే వాళ్ళ చేతిలో చెంబు ఉండేది.

కోడలు: ఆమె గొంతుతో అంటే నొచ్చుకోరు. రాతికి గొంతు లేదు. నేను ఒప్పుకోను మామా. నీ తల్లి రాయి, నీ ఇష్టం. నేను మాత్రం ఒప్పుకోను.

ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ ఒప్పుకోలేదు. ఆమె చెప్పినదాంట్లో న్యాయముందని నాకు తెలుసు. అయినా 'పోండి' అనే చెక్కించినాను. ఆమె బస్సు టైము కనుక్కోను రోడ్డు మీదికి పోయినప్పుడు ఆచారితో ఇంకో మాట చెప్పినాను. రాయి వెనకవైపు, కింద, చిన్నగా 'అవ్వ' అని చెక్కమన్నాను. దానికి ఒత్తుందయ్యా అన్నాడు. ఉండనీ, లోతుగా చెక్కు అన్నాను.

ఉగాదికి రాయి మా ఊరు చేరింది. వేపచెట్టు కింద నిలబెట్టినాం. కోడలు చుట్టూ తిరిగి చూసింది. వెనకవైపు వంగి, వేలితో ఆ ఒత్తులోని దుమ్ము తుడిచింది. నాతో ఏమీ అనలేదు. కడవలో నీళ్ళు నింపను పోయింది.

సిరివెళ్ళ దాటినాక, ఆళ్ళగడ్డ పోయేటప్పుడు ఎడమ చేతి పక్కన ఉంటుంది ఆ చెట్టు. ఎండాకాలం ఆ దోవన వచ్చేవాళ్ళు ఆగండి. మీ ఊళ్ళో జేజిని ఏమంటారో అక్కడ కూర్చున్న పిల్లలకు చెప్పండి. నీళ్ళు తాగి పోండి.